రక్తనాళ వలయం: ఒక శస్త్రచికిత్స ఉత్తర తెలంగాణకు చేరిన దారి

1945లో అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ గ్రాస్ అనే శస్త్రవైద్యుడు ఏడాది వయసు బిడ్డ ఛాతీ తెరిచి, శ్వాసనాళాన్ని బిగించి ఉన్న రక్తనాళాన్ని వేరు చేసి కత్తిరించాడు. పుట్టినప్పటి నుంచి గురగురమంటూ ఊపిరి తీస్తున్న బిడ్డకు ఆ బిగింపు వదిలింది. అదే సంవత్సరం ఆయన ఆ అనుభవాన్ని వైద్యపత్రికలో ప్రకటించాడు. శ్వాసనాళాన్ని చుట్టుకున్న ఈ నిర్మాణానికి ‘రక్తనాళ వలయం’ అన్న పేరు ఆ వ్యాసంతోనే స్థిరపడింది. అప్పటికి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఉన్నాయి. ఈ జిల్లాల్లో ఒక పేద బిడ్డకు అదే శస్త్రచికిత్స, ఇల్లు అమ్ముకోకుండా దొరికే అవకాశం 2008లో గాని రాలేదు. మధ్యలో గడిచినవి 63 ఏళ్లు. ఆ కాలమంతా విద్య ఎక్కడ ఆగింది, ఏ మెట్టు మీద ఆగింది అన్నదే ఈ పాఠ్యభాగంలో మనం పరిశీలించే ప్రశ్న.

ముందుగా శరీరంలో జరిగే సంగతి తెలుసుకోవాలి. తల్లి గర్భంలో పిండం ఏర్పడే తొలి వారాల్లో గుండె నుంచి బయలుదేరే రక్తనాళాలు మెడ భాగంలో కుడి ఎడమల జతలుగా, విల్లుల్లా వంగి ఉంటాయి. చేపల్లో మొప్పలకు రక్తం తీసుకుపోయే నాళాల అమరిక ఇదే. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు మార్టిన్ రాత్కే క్షీరదాల పిండాల్లో కూడా ఇలాంటి అమరికను గుర్తించాడు. పిండం పెరిగేకొద్దీ ఈ నాళాల్లో చాలా భాగం కరిగిపోతుంది. నాలుగవ జతలో ఎడమది నిలిచి మహాధమని చాపంగా మారుతుంది, కుడి వైపు దానిలో వెనుక భాగం అదృశ్యమవుతుంది. కరగవలసినది కరగకుండా ఉండిపోతే గుండె నుంచి పైకి వచ్చిన మహాధమని రెండుగా చీలి, ఒక పాయ శ్వాసనాళానికి ముందునుంచి, మరొక పాయ అన్నవాహికకు వెనుకనుంచి పోయి మళ్లీ కలుసుకుంటాయి. గాలిగొట్టం, ఆహారపు గొట్టం రెండూ ఆ ఉచ్చులో చిక్కుకుంటాయి. దీన్ని ద్వంద్వ మహాధమని చాపం అంటారు. కొందరిలో చాపం ఒక్కటే ఉన్నా అది కుడివైపు ఉండి, మిగిలిన చుట్టును పుట్టిన తర్వాత ఎండి తాడులా మారిన ఒక పాత నాళం పూర్తి చేస్తుంది. ఇవన్నీ కలిపినా పుట్టుకతో వచ్చే గుండె, రక్తనాళ లోపాల్లో సుమారు 1 శాతమే. అరుదైన లోపమే గాని, లేనిది కాదు.

శవపరీక్షల్లో ఇది చాలాకాలంగా కనిపిస్తూనే ఉంది. 1737లో హొమ్మెల్ అనే వైద్యుడు రెండు చాపాల మహాధమనిని వర్ణించాడు. ఆ శతాబ్దం చివర లండన్‌లో డేవిడ్ బేఫోర్డ్ అనే వైద్యుడు, ఏళ్ల తరబడి ముద్ద దిగక బాధపడి మరణించిన ఒక స్త్రీలో దారితప్పిన ధమని అన్నవాహికను నొక్కుతున్నదని కనుగొన్నాడు. ఆ జబ్బుకు ఆయన పెట్టిన లాటిన్ పేరులో ‘ప్రకృతి ఆడిన ఆట’ అన్న అర్థం ఉంది. ఆ రోజుల్లో అది ఆటగానే మిగిలిపోయింది, ఎందుకంటే బతికున్న మనిషిలో దాన్ని చూసే ఉపాయం లేదు. 1895లో రాంట్జెన్ ఎక్స్-రే కనుగొన్న తర్వాత, రోగిచేత బేరియం ద్రవం తాగించి ఫొటో తీసే పద్ధతి వచ్చింది. అప్పుడు అన్నవాహిక మీద పడిన నొక్కు ఫిల్ము మీద గుంటలా కనిపించసాగింది. 1936లో జర్మనీలో కొమ్మెరెల్ అనే వైద్యుడు ఈ విధంగానే బతికున్న మనిషిలో దారితప్పిన ధమనిని గుర్తించాడు. గ్రాస్ సహచరుడు, ఎక్స్-రే నిపుణుడు ఎడ్వర్డ్ న్యూహౌజర్ 1946లో ఈ వలయాలు ఫిల్ములో ఎలా కనిపిస్తాయో వివరంగా ప్రకటించాడు. కత్తి ఎంత ముఖ్యమో ఈ గ్లాసెడు బేరియమూ అంతే ముఖ్యమని నా అభిప్రాయం. ఎక్కడ కోయాలో తెలిసిన తర్వాతనే కోయడానికి ధైర్యం వచ్చింది.

హైదరాబాదు అప్పటికే చేసిన పని

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఊపిరికి, శస్త్రచికిత్సకు ఉన్న సంబంధం గురించి ప్రపంచమంతా చర్చించుకున్న ఒక పరిశోధన మన హైదరాబాదులోనే జరిగింది. 1888, 1889 సంవత్సరాలలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన ధనసహాయంతో, ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో క్లోరోఫామ్ కమిషన్లు ఏర్పడ్డాయి. రెండవ కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి వారు తేల్చినది: క్లోరోఫామ్ ప్రమాదం ముందు ఊపిరితోనే మొదలవుతుంది, కాబట్టి మత్తు ఇచ్చేవాడు నాడి పట్టుకుని కూర్చోకుండా శ్వాసను కనిపెట్టి ఉండాలి. గుండె కూడా నేరుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించడంతో ఆ నిర్ణయంలో సగం వీగిపోయింది. శ్వాసను గమనించాలన్న సగం నేటికీ నిలిచి ఉంది.

అయితే రక్తనాళ వలయాన్ని కోయాలంటే ఛాతీ తెరవాలి. తెరిచిన వైపు ఊపిరితిత్తి గాలి తీసిన బుడగలా ముడుచుకుపోతుంది. శ్వాసనాళంలోకి గొట్టం దించి లోపలికి గాలి ఒత్తే పద్ధతి మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులో మాగిల్, రోబోథామ్ అభివృద్ధి చేశారు. 1938లో గ్రాస్ ఒక బాలికలో గుండె దగ్గర మూసుకోని నాళాన్ని కట్టివేసి పిల్లల గుండె శస్త్రచికిత్సకు తలుపు తెరిచినప్పుడు, ఆ బాలికకు మత్తు ఇచ్చినది బెట్టీ లాంక్ అనే నర్సు. ఈ పేరు పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించదు. ఛాతీ తెరిచినంతసేపూ బిడ్డ ఊపిరిని చేతిలో పట్టుకున్నది ఆమెనే.

అదే బోస్టన్ ఆసుపత్రిలో, గ్రాస్ వలయాన్ని కోసిన రెండేళ్లకు, సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకేన్సరు ఉన్న పిల్లలకు అమినాప్టెరిన్ మందు ఇచ్చి చూశాడు. ఆ మందు తయారైనది లెడర్లీ సంస్థలో భీమవరానికి చెందిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో. ఒక తెలుగువాడి విద్య అంత దూరం పోయింది. ఆ ఆసుపత్రి విద్య తెలుగు పల్లెకు తిరిగి రావడానికే ఎక్కువ కాలం పట్టింది.

కోత ఎలా జరుగుతుంది

మీలో వైద్యవిద్య చదవనివారే ఎక్కువమంది కాబట్టి ఈ శస్త్రచికిత్సను సరళంగా వివరిస్తాను. సాధారణంగా ఎడమ పక్క నాలుగవ పక్కటెముక కింది సందులోంచి ఛాతీ తెరుస్తారు. రెండు చాపాల్లో సన్నది ఏదో చూస్తారు. ఎక్కువ మందిలో ఎడమది సన్నగా, కుడిది లావుగా ఉంటుంది. కోయబోయే చోట ముందు నాళాన్ని క్లాంపుతో కాసేపు నొక్కి పట్టి, బిడ్డ మెడలో, చేతుల్లో, కాళ్లలో నాడి కొడుతున్నదో లేదో మత్తువైద్యుణ్ణి చూడమంటారు. నాడి నిలిస్తేనే కోత. నాళాన్ని రెండుగా కోసి రెండు కొసలనూ కుట్టేస్తారు. ఎండిన తాడులాంటి బంధనాన్ని కూడా తెంపుతారు. అక్కడితో ఆగకుండా అన్నవాహిక చుట్టూ అల్లుకున్న పొరలను విడదీస్తారు. స్వరపేటికకు పోయే నరం అక్కడే చుట్టు తిరిగి పోతుంది, దాన్ని తాకితే బిడ్డ గొంతు బొంగురుపోతుంది. గుండెను ఆపవలసిన అవసరం గాని, గుండె–ఊపిరితిత్తుల యంత్రం గాని ఇందుకు అక్కరలేదు. 1945 నాటి పరికరాలతో ఇది సాధ్యపడినది అందుకే.

ఇంకొక రకం ఇంతకన్నా కఠినం. ఎడమ ఊపిరితిత్తికి పోవలసిన ధమని కుడి ధమని నుంచి పుట్టి, శ్వాసనాళానికి అన్నవాహికకు నడుమ నుంచి వడిసెల తాడులా దూరి ఎడమకు పోతుంది. చికాగోలో విల్లిస్ పాట్స్ 1954లో ప్రకటించిన శస్త్రచికిత్సలో ఆ ధమనిని కోసి, శ్వాసనాళం ముందుకు తెచ్చి తిరిగి అతికించాడు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి శ్వాసనాళపు మృదులాస్థి ఉంగరాలు పూర్తిగా మూసుకుని, గొట్టమే సన్నగా ఉంటుంది. ధమనిని సరిచేసినంత మాత్రాన ఊపిరి ఆడదు. సన్నని భాగాన్ని అడ్డంగా కోసి, రెండు ముక్కలనూ నిలువునా చీల్చి, ఒకదాని మీదికి ఒకటి జరిపి కుట్టి వెడల్పు చేసే పద్ధతిని 1989లో లండన్ వైద్యులు ప్రకటించారు. దీనికి గుండె–ఊపిరితిత్తుల యంత్రం, అనుభవం గల పిల్లల మత్తువైద్యులు, వారాల తరబడి ఇంటెన్సివ్ కేర్ కావాలి.

పేరు లేని జబ్బు

ఇప్పుడు ఉత్తర తెలంగాణకు వద్దాం. ఈ ప్రాంతంలో ఊపిరి కష్టానికి మాటలు చాలా ఉన్నాయి. దమ్ము, ఎగపోత, ఆయాసం, ఉబ్బసం, పిల్లికూతలు, డొక్కలెగరేయడం. ఇన్ని మాటలున్నా, గాలి లోపలికి పీల్చేటప్పుడు వచ్చే మోతను, బయటికి విడిచేటప్పుడు వచ్చే కూతను వేరు చేసే మాట వీటిలో లేదు. వైద్యుడికి ఆ తేడానే ముఖ్యం. ఉబ్బసంలో కూత ప్రధానంగా ఊపిరి విడిచేటప్పుడు వస్తుంది. శ్వాసనాళం బయటినుంచి బిగిసినప్పుడు గరగర మోత పీల్చేటప్పుడు, లేదా పీల్చేటప్పుడూ విడిచేటప్పుడూ కూడా వస్తుంది. పుట్టిన తొలి నెలల్లోనే మొదలవుతుంది, పాలు తాగేటప్పుడు, ఏడ్చేటప్పుడు, జలుబు చేసినప్పుడు హెచ్చుతుంది. బిడ్డ మెడ వెనక్కి విరిచి పడుకుంటుంది, ఎందుకంటే అలా పడుకుంటే గొట్టం కొంచెం తెరుచుకుంటుంది. అన్నప్రాశన అయ్యాక ముద్ద దిగక కక్కుకోవడం మొదలైతే అనుమానం గట్టిపడాలి.

పేరు లేని చోట ఉన్న పేరే అతుక్కుంటుంది. ఇలాంటి బిడ్డ ఉబ్బసం బిడ్డ అయింది, లేదా నిమ్ము చేసిన బిడ్డ అయింది. పల్లెల్లో పొట్ట మీద, ఛాతీ మీద వాతలు పెట్టేవారు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం వేసే చేపమందు కోసం ఉత్తర తెలంగాణ నుంచి కూడా జనం వెళ్తారు. 1845 నుంచి ఈ మందు ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. దాని గుణదోషాల చర్చ ఇక్కడ మనకు అక్కరలేదు. ముద్ద దిగని బిడ్డ గొంతులో బతికున్న కొర్రమీను పిల్ల ఎలా దిగుతుందన్నది మాత్రం ఆలోచించవలసిన సంగతి. చరిత్ర విద్యార్థులుగా మీరు గమనించవలసినది మరొకటి ఉంది. గుర్తింపు సాధ్యం కాని జబ్బు ఆసుపత్రి రిజిస్టరులో తన పేరుతో కనిపించదు. అది న్యుమోనియా వరుసలోనో, ఉబ్బసం వరుసలోనో కలిసిపోతుంది. పాత రిజిస్టర్లలో దాని పేరు లేకపోతే ఆ జబ్బే లేదనుకోరాదు.

సౌకర్యాల సంగతికి వస్తే, 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయ్యాక పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరు వైపు ప్రజలకు హైదరాబాదు దారి సులువైంది. 1925లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనం, 1953లో పిల్లల కోసం నీలోఫర్ ఆసుపత్రి, 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల వచ్చాయి. ఛాతీ శస్త్రచికిత్స మాత్రం దక్షిణాదిలో ముందు వెల్లూరులో వేళ్లూనింది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో అమెరికన్ వైద్యుడు రీవ్ బెట్స్ 1940ల చివర దేశంలోనే తొలి ఛాతీ శస్త్రచికిత్స విభాగానికి పునాది వేశాడు. చిత్తూరు జిల్లావారికి వెల్లూరు పొరుగూరు. ఉట్నూరు గోండు రైతుకు అది మరో దేశం. ఆదిలాబాదు పట్టణం నుంచి హైదరాబాదే దాదాపు 300 కిలోమీటర్లు. అందుకే ఆ జిల్లా ఉత్తర అంచువాళ్లు నేటికీ నాగపూరు, వార్ధా వైపే చూస్తారు.

సింగరేణి కార్మికుల పిల్లల పరిస్థితి కొంత మెరుగు. గోదావరిఖని, బెల్లంపల్లిలో కంపెనీ ఆసుపత్రులుండేవి, అక్కడ కుదరకపోతే కంపెనీయే పెద్ద ఆసుపత్రికి పంపేది. గనికి పది మైళ్ల దూరంలోని బీడీలు చుట్టే తల్లికి, సిరిసిల్ల మగ్గం కార్మికుడికి ఆ ఆసరా లేదు. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ ఉచితంగా గుండె శస్త్రచికిత్సలు ప్రారంభించింది. హైదరాబాదులో నిమ్స్‌లోనూ, 1988 తర్వాత వచ్చిన కార్పొరేటు ఆసుపత్రుల్లోనూ పిల్లల గుండె శస్త్రచికిత్స క్రమంగా పెరిగింది. విద్య రాష్ట్ర రాజధానికి చేరింది. ఖర్చే అడ్డు.

డబ్బు వచ్చింది, చెవి?

ఆ అడ్డును తీసినది ప్రభుత్వ నిర్ణయం. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేద పిల్లల గుండె ఆపరేషన్ల ఖర్చు భరించడం మొదలుపెట్టింది. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమై, 2008 జులై నాటికి కరీంనగర్, ఆదిలాబాదులతో సహా రాష్ట్రమంతా విస్తరించింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు దీనికి తోడైంది. ఈ పథకం సొమ్ములో పెద్ద భాగం కార్పొరేటు ఆసుపత్రులకే పోయిందన్న విమర్శ మీరు విని ఉంటారు. అందులో నిజం ఉంది. ఆ సొమ్ముతో జిల్లా ఆసుపత్రులను బలపరచి ఉంటే ఎక్కువ మేలు జరిగేదని నేనూ అనుకుంటాను. కానీ నెలల పసికందు ఛాతీలో వలయాన్ని కోసే పని ప్రతి జిల్లాలో జరగదు, జరగరాదు కూడా. ఏడాదికి రెండో మూడో కేసులు చూసే చోట చేయి కుదరదు. ఇలాంటి అరుదైన శస్త్రచికిత్స ఒకటి రెండు కేంద్రాలలో ఉండటమే బిడ్డకు క్షేమం. ఇటీవలి సంవత్సరాల్లో లివర్‌పూల్ ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో పనిచేసే తెలుగు శస్త్రవైద్యుడు రమణ దన్నపునేని తన బృందంతో వచ్చి నిమ్స్ వైద్యులతో కలిసి పిల్లల గుండె శస్త్రచికిత్సలు చేయడం కూడా ఆ కేంద్రాన్ని గట్టిపరిచే పనే.

జిల్లాలో జరగవలసినది గుర్తింపు. ఇక్కడ ప్రాణహిత అవతలి ఒడ్డున జరిగిన ఒక ప్రయోగాన్ని తలచుకోవాలి. గడ్చిరోలి జిల్లా ఆదిలాబాదు, కరీంనగర్‌లకు పొరుగు. దాని సిరొంచ ప్రాంతంలో తెలుగే ఇంటిభాష. ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె కార్యకర్తలకు, మంత్రసానులకు బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు. చదువురాని వారి కోసం ఇసుక గడియారం, పూసలతో ఒక పరికరం కూడా చేశారు. న్యుమోనియా మరణాలు తగ్గినట్లు 1990లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఊపిరిని లెక్కపెట్టడానికి డిగ్రీ అక్కరలేదని అది చూపింది. ఊపిరిని వినడానికీ అక్కరలేదు. శిశువ్యాధుల సమగ్ర చికిత్స శిక్షణలో ఏఎన్‌ఎంలకు చెప్పే ఒక సూత్రం ఉంది: ఏడవకుండా నెమ్మదిగా ఉన్న బిడ్డ ఊపిరి పీల్చేటప్పుడు గరగరమంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఆ వాక్యం వలయం కోసం రాసినది కాదు గాని, వలయం ఉన్న బిడ్డ పట్టుబడేది అక్కడే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులను వెతికే ఏర్పాటు ఉంది. బృందం వచ్చి బిడ్డ పెదవులు నీలంగా ఉన్నాయా, గుండెలో అదనపు శబ్దం ఉందా అని చూస్తుంది. వలయం ఉన్న బిడ్డకు సాధారణంగా గుండె లోపల లోపం ఉండదు, రంగు మారదు, గుండె శబ్దమూ మామూలుగానే ఉంటుంది. అంటే గుండె జబ్బు వెతికే వలలోంచి ఈ బిడ్డ జారిపోతుంది, ఉబ్బసం వరుసలో నిలబడుతుంది. సమస్య గుండెకు చెందిన రక్తనాళానిది, బాధ ఊపిరిది. ఏ వైద్యుడి దగ్గరికి పోవాలన్న దగ్గరే దారి తప్పుతుంది.

2008లో ఆదిలాబాదులో రిమ్స్, 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాదు, సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బేరియం పరీక్ష, సిటి స్కాన్ ఇప్పుడు జిల్లాలోనే చేయించవచ్చు. రంగుమందు ఎక్కించి తీసిన సిటి చిత్రంలో వలయం ఏ దిక్కునుంచి ఎలా చుట్టుకున్నదో స్పష్టంగా తెలుస్తుంది. అయిదో నెలలో గర్భిణులకు చేసే టిఫా స్కాన్‌లో, చూడటం తెలిసిన వైద్యుడు శ్వాసనాళానికి రెండు వైపులా నాళం ఉండటాన్ని పుట్టకముందే గుర్తించగలడు.

చివరగా, శస్త్రచికిత్స తర్వాతి సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. నెలల తరబడి బిగింపులో ఉన్న శ్వాసనాళపు గోడ మెత్తబడి ఉంటుంది. కోత బాగా జరిగినా ఆ గోడ గట్టిపడటానికి నెలలు, కొందరిలో ఏడాదికి పైగా పడుతుంది. అంతవరకు గరగర వినిపిస్తూనే ఉంటుంది, జలుబు చేస్తే హెచ్చుతుంది. హైదరాబాదు నుంచి బస్సు దిగి ఊరికి చేరిన తల్లిని ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న, ‘ఆపరేషన్ చేయించినవ్ గదా, ఇంకా ఆ సప్పుడేంది?’ అన్నదే. దానికి జవాబు డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, ఇంగ్లీషులో. ఆ మాట తెలుగులో, తల్లికి అర్థమయ్యేట్టు, ఆమె ఊరి ఆశా కార్యకర్తకు కూడా తెలిసేట్టు చెప్పి పంపినచోట బిడ్డ తిరుగు పరీక్షకు వస్తుంది. చెప్పనిచోట, ఆపరేషన్ ఫలించలేదనుకుని మళ్లీ పాత మందుల దారి పడతారు.